కాయ కోతల నెలలో కొండ దారి

మాఘమాసంలో మొగుణ్ణి కారులో కూర్చోబెట్టుకుని కొండలు చూడటానికి బయల్దేరిన ఆడది మా ఊళ్ళో నాకు ముందు ఎవరూ లేరు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. మాఘం వచ్చిందంటే మా వైపు చేలన్నీ ఎర్రబడతాయి, కల్లాల నిండా మిరపకాయలు ఆరుతుంటాయి. ఆ నెలలో పెళ్ళికి పిలిచినా ఇంటికొకరే వెళ్తారు, భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూనే వెనక్కి తిరుగుతారు. అలాంటిది మేమిద్దరం ఇంటికి తాళం పెట్టి, వెనక సీట్లో పులిహోర డబ్బా, మంచినీళ్ళ క్యాను సర్దుకుని పొద్దున్నే కారు తీస్తుంటే వీధి వీధంతా నిలబడి చూసింది. ఎదురింటావిడ "ఆసుపత్రికా?" అని అడిగింది. "కాదొదినా, కొండలు చూట్టానికి" అన్నాను. ఆవిడ నమ్మలేదు. మేం తిరిగొచ్చిందాకా మా ఆయనకు బాగాలేదనే ఊరంతా చెప్పిందట.

బాగాలేని మాట అబద్ధం కూడా కాదు. మిరప ఘాటులో పుట్టి పెరిగిన మనిషి ఆయన. కల్లంలో కాయ తిరగేస్తూ దగ్గడం మాకందరికీ ఉన్నదే, అదొక జబ్బని ఎవరికీ తోచదు. ఆయన దగ్గు మాత్రం కల్లాలు ఎత్తేశాక కూడా పోలేదు. వానాకాలంలో కూడా ఛాతీలో పిల్లికూతలు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుంటూరు తీసుకెళ్తే డాక్టరు గారు ఫోటోలు తీయించి, నోట్లో పెట్టుకుని పీల్చే మందు ఒకటి రాసి, "మిరపకాయ జోలికి పోవద్దండి. పోతే ఈ మందు కూడా ఆదుకోదు" అన్నారు. మా ఆయన బుద్ధిగా తలూపారు. మెట్లు దిగుతూ, "ఈయనకేం తెలుసే మిరపకాయ సంగతి? కూరలో తినటమేగా" అన్నారు.

ఆ ఏడు నేను పోరు పెట్టి పొలం కౌలుకిప్పించాను. తీసుకున్నది వరసకు అన్న కొడుకయ్యే అబ్బాయి. అయినా ఆయన పూర్తిగా వదల్లేదు. "ఈ ఏడాదికి చెయ్యరా. వచ్చే ఏడు సంగతి ఉగాదికి చెప్తా" అన్నారు. మా వైపు కౌలు మాటలు ఉగాదికే తేలతాయి. ఆ ఉగాది దగ్గర పడేకొద్దీ ఆయన డాబా ఎక్కి ఎవరి కల్లంలో ఎంత కాయ పడిందో చూస్తూ కూర్చునేవారు. మందు పీల్చుకుని మరీ కూర్చునేవారు. మళ్ళీ చేలోకి దిగితే ఈ మనిషి నాకు దక్కడని నా భయం. దిగకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలని ఆయన భయం. ఇద్దరం ఈ సంగతి మీద పోట్లాడీ పోట్లాడీ చివరికి మాట్లాడుకోవడమే మానేశాం.

అందుకని కారు తీద్దామన్నాను. ఊళ్ళో ఉంటే తేలేది కాదని నాకు అర్థమైంది. "తిరిగొచ్చేలోపు ఏదో ఒకటి చెప్పాలి" అన్నాను. "చెప్తాలే" అన్నారు. ఆ "లే" నాకు నచ్చలేదు గానీ పోనీలే అనుకున్నాను.

కారు నడిపేది నేనే. దగ్గు తెర వస్తే ఆయన స్టీరింగు వదిలేస్తారని, ఆసుపత్రికి తిప్పటానికని, యాభై దాటాక నేర్చుకున్నాను. ఆయన ట్రాక్టరు మనిషి. పక్కన కూర్చుని కాళ్ళ దగ్గర లేని బ్రేకును తొక్కుతూ ఉంటారు. "హారను కొట్టు", "గేదె వస్తంది చూడు", "వాడు సైడు ఇవ్వడు, నువ్వే తగ్గు" అని నాకు ఊపిరాడనివ్వరు. మనుషుల్ని మందలించే గొంతుకి మాత్రం ఆయాసం రాదు.

ముందు కొండవీడు ఎక్కాం. పుట్టిన దగ్గర్నుంచి మా చేలోంచి చూస్తే దూరంగా నీలంగా కనిపించే కొండలవి. నాట్లకూ కలుపులకూ నడుం ఎత్తినప్పుడల్లా చూశాం గానీ ఒక్కసారీ ఎక్కలేదు. ఇప్పుడు పైదాకా రోడ్డు వేశారు. నా మొదటి ఘాట్ రోడ్డు అదే. మొదటి మలుపులో ఆయన సీటు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు, నేను తెరుచుకునే ఉండాలి కాబట్టి తెరుచుకున్నాను. పైన కోట గోడలు, బురుజులు, చెరువులు, కూలిపోయిన మండపాలు. అందరూ రాజుల సంగతులు చెప్పుకుంటుంటే మా ఆయన గోడ అంచున నిలబడి మైదానంలోకి చూపు సారించి, "అదుగో, ఆ తెల్లగా ఉన్నది మన ఊరి నీళ్ళ ట్యాంకు. దానికి ఇటు పక్క ఎర్రగా కనపడతంది చూడు, అది మన కల్లమే" అన్నారు.

"అక్కడి నుంచి ఇక్కడికి మన కల్లం కనపడిద్దా?" అన్నాను.

"ఎందుకు కనపడదు? నీకు కళ్ళజోడు మార్చాలి."

అక్కడ కనిపించేదంతా పొగమంచే. అయినా చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డారు. నాకు కోపం వచ్చింది. ఇంత దూరం తీసుకొచ్చి చూపిస్తే మనిషి మళ్ళీ కల్లమే వెతుక్కుంటాడా అనిపించింది.

నరసరావుపేట దాటాక కాస్త సర్దుకుని పాత సంగతుల్లో పడ్డాం. పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను శ్రీశైలం తీసుకెళ్తానన్నారు. కాయ అయిపోయాక వెళ్దామన్నారు. కాయ అయ్యాక పత్తికట్టె పీకాలి, అది అయ్యాక దుక్కులు, వానలు పడితే నారుమళ్ళు. మళ్ళీ కాయ. ఆ ఏడు ఆయన నన్ను తీసుకెళ్ళింది గుంటూరు మిర్చి యార్డుకి. లారీలో మిరప బస్తాల మీద ఇద్దరం కూర్చుని, దారి పొడుగునా తుమ్ముకుంటూ, ముక్కులు తుడుచుకుంటూ పోయాం. యార్డులో ఘాటుకి నా కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతుంటే, కొత్త పెళ్ళాన్ని ఏడిపిస్తున్నాడని ఎవరో పెద్దాయన ఈయన్ని నిలదీశాడు. తర్వాత హోటల్లో పూరీ తినిపించి, గాజులు కొనిపెట్టి, చీకటి పడకముందే ఇంటికి చేర్చారు. ఆ రోజు గుర్తుచేసుకుని వినుకొండ దాకా నవ్వుకున్నాం. అంత సుఖంగా మళ్ళీ ఏ ప్రయాణమూ చెయ్యలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఎన్ని ఊళ్ళు తిరిగినా.

త్రిపురాంతకం దాటేసరికి కొండలు దగ్గరికొచ్చాయి. ఎర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరి, చీకటి పడేలోపు చెక్‌పోస్టు దాటి నల్లమల ఘాట్ ఎక్కాలని మా లెక్క. చీకటి పడి గేటు వేసేస్తే తెల్లారిందాకా అడవిలోకి పోనివ్వరు. తిన్నగా పోతున్నాం. ఒక కొండ పక్కగా రోడ్డు తిరిగింది. ఉన్నట్టుండి వెలుగు తగ్గిపోయింది, వెంటనే కొండల వైపు నుంచి గుండెలు అదిరేలా చప్పుడు.

"ఉరిమింది" అన్నారు ఆయన. ముందుకి వంగి, "ఆపు ఆపు ఆపు" అన్నారు.

రోడ్డు పక్కనే కల్లం. ఎర్రటి కాయ నేల కనపడకుండా పరిచి ఉంది. మనిషి జాడ లేదు. పట్టాలు మడతపెట్టి ఒక మూల పడున్నాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఆరబోసిన కాయ మీదికి వాన వస్తుంటే అది ఎవరి కల్లమని ఎవరూ అడగరు. దారిన పోయేవాళ్ళు బండి ఎక్కడిదక్కడ పడేసి, కాయ కుప్పచేసి పట్టా కప్పాల్సిందే, పగవాడి కల్లమైనా సరే. ఒకసారి మా కల్లం మీదికి కుంభవృష్టి వస్తే పెళ్ళి బస్సు ఆగింది. పట్టుచీరలు ఎగదోపుకుని ఆడవాళ్ళంతా దిగి కాయ ఎత్తారు. పెళ్ళికూతురి తల్లి నా పట్టా మీద ఎక్కి కూర్చుంది గాలికి లేవకుండా. ఎవరో ఏమో, ముక్కూ మొహం తెలియదు. మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు.

అందుకే ఇద్దరం ఆలోచించలేదు. నేను బ్రేకు వేసే లోపు ఆయన తలుపు తీశారు. "మీరు దిగొద్దు" అని నేను అరుస్తూనే ఉన్నాను, అరుస్తూనే నేనూ పరిగెత్తాను. అక్కడే పడున్న చెక్కతో ఆయన కాయ దగ్గరికి లాగుతుంటే నేను చేతులతోనూ చీర చెంగుతోనూ పోగేశాను. పట్టా ఆ కొస ఆయన, ఈ కొస నేను. రాళ్ళు తెచ్చి అంచుల మీద పెట్టాం. మాట్లాడుకోవలసిన పని కూడా లేదు, ఎవరు ఏ కొస పట్టుకోవాలో మా చేతులకు తెలుసు. అంతా అయ్యాక నడుముల మీద చేతులు పెట్టుకుని ఆకాశం వంక చూశాం. మబ్బు తునక లేదు.

రోడ్డవతల నుంచి బిందె చంకన పెట్టుకుని ఒకావిడ పరుగున వచ్చింది. మా కన్నా చిన్నది. "ఎవరు మీరు? మా కాయ మీద పట్టాలెందుకేశారు?" అంది.

"ఉరిమిందమ్మా" అన్నారు మా ఆయన. "మబ్బు కూడా పట్టింది, వాన వచ్చిద్దేమోనని..."

ఆవిడ మా ఇద్దర్నీ, కారునీ, పట్టానీ చూసి బిందె దించి నవ్వడం మొదలుపెట్టింది. "ఉరమలేదు బాబాయ్. అవతల క్వారీలో కొండ పేల్చారు. రోజూ ఈ వేళకి పేలుస్తారు. మబ్బు కాదు, పొద్దు కొండ వెనక్కి పోయింది. మాకిక్కడ తొందరగా నీడ పడిద్ది. మీరు మైదానపోళ్ళా?"

మా వైపు పొద్దు అంచుకు దిగి, ఎర్రబడి, అందరికీ చెప్పి మరీ పోతుంది. కొండ అడ్డం వచ్చి పొద్దును తీసుకుపోవడం మేం ఎప్పుడూ చూళ్ళేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మా ఆయనకు సిగ్గు కాదు, ఇంకేదో గుర్తొచ్చింది. పట్టా కింద చెయ్యి పెట్టి చూశారు.

"వేడి మీద కప్పాం" అన్నారు. "కాయ చెమర్చిద్ది. రంగు పోయి తాలయ్యిద్ది. తీసెయ్యాలి."

"మేం తీసుకుంటాంలే బాబాయ్" అంది ఆవిడ. "మా ఆయన వస్తాడు."

"కప్పింది మేం గదమ్మా" అన్నారు.

నేను చెయ్యి పట్టుకుని లాగాను. కారులో కూర్చోమన్నాను, నేను పరుస్తానన్నాను. వినలేదు. పట్టా ఎత్తేసరికి ఉడుకు ఘాటు గుప్పుమంది. ఆయన తువ్వాలు ముక్కుకి కట్టుకుని, చెక్కతో కాయ పల్చగా పరుస్తూ, పిడికెడు తీసి ఆడించి చప్పుడు విని, "ఇంకో నాలుగెండలు కావాలి" అని ఆవిడకు చెబుతూ, కల్లమంతా కలయతిరిగారు. ఏడాదిగా నేను చూడని మొహం అది. కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మొహం చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో అంత గుబులేసింది. ఈ మనిషి ఇక నా మాట వినడు, ఉగాదికి మళ్ళీ చేలోకి దిగుతాడు, అయిపోయింది అనుకున్నాను.

ఆవిడ చేతులు కడుక్కోమని నీళ్ళు పోసింది, మజ్జిగ ఇచ్చింది. మేం కారెక్కుతుంటే వెనక సీట్లో ఇన్ని దోసకాయలు పడేసింది.

గేటు వేసేలోపే దోర్నాల చెక్‌పోస్టు దాటాం. అడవి మొదలైంది. మాఘమాసపు అడవి, సగం ఆకు రాలిపోయి, మిగిలిన సగం రాగి రంగులో ఉంది. మలుపు తర్వాత మలుపు. రోడ్డు పక్కన కోతులు వరసగా కూర్చుని సత్రం భోజనానికి వచ్చినవాళ్ళలా చూస్తున్నాయి. పులుల అడవి, బండ్లు ఆపవద్దు అని బోర్డులు. అంత అందమైన దారిలో నేను కారు నడుపుతున్నానంటే నాకే నమ్మకం కలగలేదు. అప్పుడు పక్కన దగ్గు మొదలైంది.

ముందు మామూలు దగ్గే. తర్వాత తెర తెరగా వచ్చింది. మందు పీల్చారు. ఆగలేదు. ఊపిరి లోపలికి పోయే చప్పుడు, ఆ ఈల, కారంతా నిండింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెనక బస్సు. ఆపటానికి చోటు లేదు. ఆయన చెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టి ముందుకి వంగిపోయారు. పెదాలు నల్లబడుతున్నాయేమోనని చూడాలని ఉంది, చూస్తే మలుపు తప్పుతానని భయం. చివరికి ఒక మలుపు దగ్గర కాస్త వెడల్పు దొరికితే బోర్డులు ఏమన్నా అననీ అని ఆపేశాను. వీపు రాశాను. మళ్ళీ మందు పీల్పించాను. తువ్వాలుకి ఘాటు పట్టుందని తీసి లోయలోకి విసిరేశాను. దేవుణ్ణి తలుచుకోవడం కూడా మర్చిపోయాను, శ్రీశైలం దారిలో ఉండి.

కాసేపటికి ఊపిరి దారిలో పడింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. "ఆ కాయ మనది కూడా కాదు!" అని అరిచాను. అడవంతా వినపడేలా అరిచాను.

"కాయకి ఎవరిదని ఉండిద్దా?" అన్నారు, ఆ పీలగొంతుతో.

కొండెక్కేదాకా రెండో గేరులోనే నడిపాను.

మర్నాడు స్వామి దర్శనం చేసుకున్నాం. శిఖరం దగ్గర నిలబడి కిందికి చూశాం. పాతాళగంగలో నీళ్ళు పచ్చగా ఉన్నాయి. డ్యామ్ దగ్గర వంతెన దాటి అవతలి గట్టు అడవిలో అటవీశాఖ వాళ్ళ జీపెక్కితే, చుక్కల దుప్పులు కనిపించాయి, నెమళ్ళు కనిపించాయి, పులి కనిపించలేదు. జీపు డ్రైవరు మట్టిలో అడుగు చూపించి పొద్దున్నదే అన్నాడు. మా ఆయన వంగి చూసి, "మంచి తేమ ఉంది నేలలో" అన్నారు. అంతే ఆయన పులిని చూడటం. మామూలుగా ఉన్నారు, నన్ను ఆటపట్టిస్తున్నారు, కానీ ఘాట్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడిగితే చేలోకి దిగుతాననే జవాబు వస్తుందని తెలిసి ఎవరడుగుతారు?

ఆఖర్న సాగర్ వచ్చాం. లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళాం. చుట్టూ నీళ్ళు, నీళ్ళలోంచి లేచిన కొండ. పైన ఇటుక స్తూపాలు, చైత్యాలు, మ్యూజియంలో పాలరాతి మీద చెక్కిన రాణులు, గుర్రాలు. డ్యామ్ కట్టినప్పుడు లోయంతా మునిగిపోతుందని కింద ఉన్నవాటిని ఇటుక ఇటుకా తీసి పైకి తెచ్చి మళ్ళీ కట్టారట. తేలేనివి నీళ్ళ కిందే ఉండిపోయాయట. మా ఊరి కాలువకు వచ్చే నీళ్ళు ఇవే. కాలువ రాని ఏడు బిందెలతో మొక్కకింత పోసి మిరప బతికించుకున్నాం. వచ్చిన ఏడు గట్టు మీద కాళ్ళు కాలువలో పెట్టుకుని అన్నం తిన్నాం. ఆయన ఒక స్తూపం నీడలో కూర్చుని నీళ్ళ వంక చూస్తూ, "ఇక్కడ కూడా చేలుండే ఉంటయ్యి" అన్నారు. "వాళ్ళ చేలు మునిగితేనే మన చేలకి తడి." గాలి బాగా వీచింది. ఆయన తేలిగ్గా ఊపిరి తీస్తున్నారు. నేను దాన్నే వింటూ కూర్చున్నాను.

లాంచీ దిగి కారు దగ్గరికి వచ్చాక ఉడకబెట్టిన పల్లీలు కొన్నాం. కారుకి ఆనుకుని తింటున్నాం. అడవిలో అందని సిగ్నలు అప్పటికి అందింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి పట్టుకున్నారు, చెయ్యకుండా.

"మొన్న ఘాట్‌లో నీ చేతులు వణికినయ్యి స్టీరింగు మీద" అన్నారు.

"వణకవా మరి?"

"పాము పడగెత్తితే కూడా వణకని దానివి." ఫోన్ ఇటూ అటూ తిప్పారు. "దగ్గు నాదేగా అనుకున్నానే ఇన్నాళ్ళూ."

నేను ఏదో అనబోయేసరికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఏరా అబ్బాయ్. నేనేరా. వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్. ఆ పై ఏడు కూడా నువ్వే. ఉగాది దాకా ఎందుకు, ఇప్పుడే చెప్తన్నా. నేనింక దిగను." గొంతు ఎక్కడా తడబడలేదు. అవతల ఆ అబ్బాయి ఏమన్నాడో, "ఇదిగో, మీ పిన్నికిస్తా" అని ఫోన్ నా చేతికిచ్చి, పల్లీ పొట్టు పారెయ్యడానికన్నట్టు అటు తిరిగారు.

నేను గెలిచాను. ఏడాదిగా పోట్లాడింది ఈ మాట కోసమే. పండగ చేసుకోవాలి. ఆ అబ్బాయి ఫోన్లో సంతోషంగా, "బాబాయ్ ఎటూ రాడు, నువ్వన్నా వస్తావుగా పిన్నీ కాయ ఏరటానికి? తాలు ఏరటంలో నీ చెయ్యి ఎవరికీ రాదు" అన్నాడు.

వస్తానని చెప్పడానికి నోరు తెరిచాను. నాకు కల్లం అంటే ఒట్టి పని కాదు. ఎదురెదురుగా కూర్చుని, కొంగు ముక్కుకి కట్టుకుని, ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లకాయ ఒక పక్కకి వేస్తూ ఊరి ఆడవాళ్ళందరం నవ్వీ నవ్వీ చచ్చిపోయే చోటు. కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి నా స్నేహాలన్నీ అక్కడే కుదిరాయి. అది వదులుకోవాల్సి వస్తుందని నాకెప్పుడూ తట్టలేదు. దగ్గు ఆయనది, మానెయ్యాల్సింది ఆయన అనుకున్నాను. కానీ తువ్వాలుకి పట్టిన ఘాటే ఆయన్ని అంత పని చేస్తే, రోజంతా కల్లంలో కూర్చున్న నా చీర ఇంట్లోకి ఏం తీసుకొస్తుంది? నా జుట్టు? నా చేతులు?

"రానురా" అన్నాను. "నేనూ రాను. వేరే ఎవర్నన్నా చూసుకో."

ఫోన్ ఆయనకిచ్చేసి స్టీరింగు ముందు కూర్చుని ఏడ్చాను. దాచుకోలేదు, వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. మిగిలిన పల్లీల పొట్లం నా ఒళ్ళో పెట్టి, బెల్టు బిగించుకుని, "పోనీ. ఈ పూట నేనేం చెప్పను, నీ ఇష్టమొచ్చినట్టు నడుపు" అన్నారు.

అన్నట్టే హారను సంగతి గానీ గేదెల సంగతి గానీ ఎత్తలేదు. మాచర్ల దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఎర్రగా కల్లాలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని కాయ ఏరుకుంటున్నారు. నేను కారు అద్దాలు పైకెత్తేశాను.